కాలువలో దొరికిన జెల్ల పిల్ల అక్వేరియంలో బతుకుతుందా? మొదటి నెల రోజులే అసలు పరీక్ష

తొలకరి పడి కాలువలకు నీళ్లు వదిలారంటే చాలు, గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో పిల్లలు గట్ల మీదే ఉంటారు. చేల పక్కన బోదెల్లో, చిన్న కాలువల్లో గాలానికో, పాత దోమతెర గుడ్డకో బుల్లి జెల్లలు దొరుకుతాయి. వేలెడంత ఒళ్లు, మూతి చుట్టూ పొడవాటి మీసాలు, ముట్టుకుంటే కిర్రుమనే చప్పుడు. చూడగానే ముచ్చటేస్తుంది. కూర వండుకునేంత సైజు లేదు, వదిలేయడానికి పిల్లాడు ఒప్పుకోడు. చివరికి అది ఏ పెరుగు డబ్బాలోనో ఇంటికి చేరి, హాల్లో ఉన్న గాజు తొట్టెలో పడుతుంది.

మూడో రోజుకో, వారానికో వెల్లకిలా తేలుతుంది. 'కాలువ చేప కదా, గాజుపెట్టెలో ఎందుకు బతుకుతుందిలే' అని తీసి పడేస్తారు.

నిజానికి బతుకుతుంది. సరిగ్గా చూసుకుంటే జెల్ల కొన్నేళ్లపాటు ఇంట్లో హాయిగా ఉంటుంది. బురద నీళ్లలో, ఎండిపోయే గుంటల్లో నెట్టుకొచ్చే మొండి చేప ఇది. అలాంటిది శుభ్రంగా కనిపించే తొట్టెలో ఎందుకు చచ్చిపోతోంది? ఆకలితో చచ్చేవి తక్కువ. ఎక్కువగా ప్రాణం తీసేది కంటికి కనిపించని విషం కలిసిన నీళ్లు, పట్టేటప్పుడు తగిలిన దెబ్బలు, అవసరం లేకుండా పోసిన మందులు. ఈ మూడూ మొదటి నెలలోనే జరుగుతాయి. ఆ నెల గట్టెక్కితే తర్వాత పని చాలా తేలిక.

ముందు అది ఏ చేపో చూసుకోండి

క్యాట్‌ఫిష్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది అధికారులు చెరువులపై దాడి చేసి ధ్వంసం చేసే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. కానీ మీసాలున్న ప్రతి చేపా అది కాదు. మన జెల్ల, వాలుగ, మార్పు, కొన్నిచోట్ల ఇంగిలాయి అని పిలిచే సన్నటి నల్ల చేప.. ఇవన్నీ ఆ పెద్ద కుటుంబానికి చెందినవే. పిల్లగా ఉన్నప్పుడు అన్నీ ముద్దుగానే ఉంటాయి. పెద్దయ్యాక మాత్రం ఒక్కోదాని కథ ఒక్కోలా ఉంటుంది.

ఇంటి తొట్టెకు సరిపోయేది చిన్న రకం జెల్ల. ఒంటి మీద తల నుంచి తోక దాకా సన్నటి నిలువు గీతలు, మొప్ప వెనక ఒక నల్లటి మచ్చ, వీపు మీద ముల్లున్న రెక్క, దాని వెనక మెత్తగా కండలా ఉండే ఇంకో చిన్న రెక్క, నాలుగు జతల మీసాలు ఉంటే అది చారల జెల్ల అనుకోవచ్చు. తొట్టెలో సాధారణంగా అరచేతి పొడవు దాకా పెరుగుతుంది. అదే నదుల్లో దొరికే పెద్ద ముక్కు జెల్ల పిల్లయితే మీటరు దాటి పెరిగే రకం. దాన్ని ఇంట్లో పెంచడం జరిగే పని కాదు.

వాలుగ సంగతి మరీ ఘోరం. తల చదునుగా ఉండి, నోరు కంటి వెనక దాకా చీలినట్టుంటే, మీసాలు రెండు జతలే ఉంటే అది వాలుగ పిల్ల. తోటి వాలుగ పిల్లల్ని కూడా మింగేసే వేటగాడు. మీటరు దాటి పెరిగిన వాలుగలు మన నదుల్లో మామూలే. మూడడుగుల తొట్టెలో దాన్ని వేయడమంటే లారీని సైకిల్ షెడ్డులో పెట్టినట్టే.

మార్పు, ఇంగిలాయి రెండూ గాలి పీల్చే చేపలు. నీళ్లలో ఆక్సిజన్ తక్కువైనా పైకి వచ్చి ఒక గుక్క గాలి తీసుకుని కిందికి పోతాయి. అందుకే బురదలో కూడా బతుకుతాయి. వీటిని పెంచేవాళ్లు తొట్టెను అంచుదాకా నింపకూడదు. నీటికి, మూతకు మధ్య జానెడు ఖాళీ ఉండాలి. పైకి వచ్చి గాలి తీసుకునే వీలు లేకపోతే చేపే అయినా ఊపిరాడక చచ్చిపోతుంది. మూత బిగుతుగా లేకపోతే ఇంకో సమస్య. మార్పు రాత్రికి రాత్రి బయటపడి మంచం కింద తేలుతుంది.

ఇంగిలాయి విషయంలో అసలు జాగ్రత్త వేరే ఉంది. దాని పక్క రెక్కల ముళ్లలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే నొప్పి భరించలేం. చిన్నపిల్లలున్న ఇంట్లో పెట్టకపోవడమే మంచిది. జెల్ల ముల్లు కూడా తక్కువేం కాదు. గుచ్చుకున్నప్పుడు గాయాన్ని కడిగి, చేయి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే నొప్పి తగ్గుతుంది. మంట వల్ల గాయమైన చేతికి వేడి తెలియకపోవచ్చు కాబట్టి రెండో చేత్తో నీళ్లు చూసుకున్నాకే ముంచాలి. ముల్లు విరిగి లోపల ఉండిపోయినా, వాపు పెరుగుతున్నా, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని చాలా కాలమైనా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. దీని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అయినా దొంగచాటుగా పెంచే చెరువుల నుంచి వరదలకు తప్పించుకుని కాలువల్లోకి చేరింది. పిల్ల దశలో దేశీ మార్పుకు, దీనికి తేడా కనిపెట్టడం అలవాటు లేనివాళ్లకు కష్టం. అనుమానం ఉంటే ఇంటికి తెచ్చుకోకుండా ఫొటో తీసి మండల మత్స్యశాఖ సిబ్బందికి చూపించడం తేలికైన మార్గం.

ఎక్కడ పట్టారన్నదీ ముఖ్యమే. కొల్లేరు లాంటి అభయారణ్యాల పరిధిలో సరదాకి కూడా చేపలు పట్టకూడదు. ఊరి చెరువుల్లో చాలాచోట్ల చేపల హక్కు మత్స్యకార సహకార సంఘానిది. ఒక పిల్ల చేపే కదా అనుకోకుండా ఒక మాట అడిగి తీసుకుంటే గొడవ ఉండదు.

వలతో కాదు, మగ్గుతో

జెల్లకు వీపు మీద ఒకటి, పక్కలకు రెండు ముళ్లుంటాయి. భయపడితే వాటిని నిటారుగా నిలబెట్టి తాళం వేసినట్టు బిగిస్తుంది. పక్క ముళ్లకు రంపం లాంటి పళ్లుంటాయి. అక్వేరియం షాపులో అమ్మే మెత్తటి జాలీ వలతో పడితే ఆ పళ్లు దారాల్లో చిక్కుకుంటాయి. లాగితే ముల్లు విరుగుతుంది, చర్మం చీరుకుపోతుంది. పొలుసులు లేని చేప కాబట్టి ఒంటి మీది జిగురు పొరే దానికి కవచం. ఆ పొర పోయిన చోట రెండు రోజుల్లో తెల్లగా బూజు పడుతుంది. చేపను నీళ్లతో సహా మగ్గుతోనో, ప్లాస్టిక్ డబ్బాతోనో ముంచి తీయాలి. ఇప్పటికే వలలో చిక్కిపోతే లాగకుండా వలనే కత్తిరించేయాలి. యాభై రూపాయల వల పోతే పోయింది.

పాలిథిన్ కవర్లో తెస్తే ముళ్లకు కవర్ చిల్లులు పడుతుంది. మూతున్న బకెట్ మేలు. అది పట్టిన చోటి నీళ్లే సగం దాకా పోసి, ఎండ తగలకుండా తేవాలి. ఇంటికొచ్చాక బకెట్‌లోకి తొట్టె నీళ్లను కొంచెం కొంచెంగా గంటసేపు కలుపుతూ పోవాలి. తర్వాత చేపను మాత్రమే తొట్టెలోకి మార్చి, బకెట్ నీళ్లను బయట పారబోయాలి. కాలువ నీళ్లను తొట్టెలో పోస్తే వాటితోపాటు నత్తలు, చేప పేలు, చేప పిల్లల్నే తినే తూనీగ పురుగులు వస్తాయి. పైరుకు కొట్టిన పురుగుమందు కూడా ఆ నీళ్లలో ఉండొచ్చు.

తెచ్చిన మొదటి రోజు మేత వేయొద్దు. లైటు కూడా వేయొద్దు. అది ఒక మూల దాక్కుని కదలకుండా ఉంటుంది. చచ్చిందేమోనని కర్రతో పొడిచి చూసేవాళ్లున్నారు. జెల్ల రాత్రి పూట తిరిగే చేప. పగలు కదలకుండా ఉండటం దాని స్వభావం.

అసలు శత్రువు అమ్మోనియా

భీమవరం, కైకలూరు వైపు చేపలు, రొయ్యల రైతుల్ని అడిగితే ఈ మాట వెంటనే అర్థమవుతుంది. చెరువులో అమ్మోనియా పెరిగిందంటే ఏరేటర్లు తిప్పుతారు, జియోలైట్ చల్లుతారు, నీళ్లు మారుస్తారు. ఎకరాల చెరువులోనే అంత కంగారు పడితే, నలభై లీటర్ల గాజు తొట్టెలో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

చేప మొప్పల ద్వారా అమ్మోనియాను బయటికి వదులుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. కాలువలో నీళ్లు పారుతుంటాయి కాబట్టి అది కొట్టుకుపోతుంది. తొట్టెలో పోయే దారి లేదు. నీళ్లు అద్దంలా మెరుస్తున్నా అందులో చేప మొప్పల్ని కాల్చేసేంత అమ్మోనియా ఉండొచ్చు. నీళ్లు వేడిగా ఉన్నా, పీహెచ్ ఎక్కువగా ఉన్నా దాని విషం ఇంకా పెరుగుతుంది. మన ఎండాకాలం, మన బోరు నీళ్లు.. రెండూ ఈ లెక్కన చేపకు వ్యతిరేకమే.

దీనికి విరుగుడు ప్రకృతిలోనే ఉంది. ఫిల్టర్ స్పాంజిలో, ఇసుకలో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కాకపోతే ఈ బ్యాక్టీరియా కొత్త తొట్టెలో స్థిరపడటానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నిన్న కొని, ఈరోజు నీళ్లు నింపి, సాయంత్రం చేపను వేస్తే దాన్ని కాపాడే యంత్రాంగం ఇంకా పుట్టనే లేదన్నమాట.

ఇక్కడ చాలామంది బోల్తా పడేది మూడో వారంలో. మొదటి వారం అమ్మోనియా పెరుగుతుంది, జాగ్రత్తగా నీళ్లు మారుస్తారు. రెండో వారానికి అమ్మోనియా తగ్గుతున్నట్టు టెస్టులో కనిపిస్తుంది. హమ్మయ్య అనుకుంటారు, మేత పెంచుతారు. సరిగ్గా అప్పుడే నైట్రైట్ ఎక్కుతుంది. ఇది రక్తంలో చేరి ఆక్సిజన్‌ను మోయనివ్వదు. ఎయిర్ పంప్ బుడబుడమని తిరుగుతూనే ఉంటుంది, చేప మాత్రం పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. మొప్పలు ఎర్రగా కాకుండా గోధుమరంగులోకి తిరుగుతాయి. ఈ దశలో వంద లీటర్లకు యాభై గ్రాముల కల్లుప్పు విడిగా నీళ్లలో కరిగించి, రెండు మూడు విడతలుగా పోస్తే నైట్రైట్ మొప్పల్లోంచి లోపలికి వెళ్లకుండా ఉప్పులోని క్లోరైడ్ అడ్డుపడుతుంది. దాంతోపాటు మూడో వంతు నీళ్లు మార్చాలి.

అందుకే డబ్బులు పెట్టాల్సింది రంగురాళ్ల మీద, బొమ్మల మీద కాదు. అమ్మోనియా, నైట్రైట్ చూసే చుక్కల టెస్ట్ కిట్ ఒకటి, మంచి స్పాంజి ఫిల్టర్ ఒకటి. ఈ రెండూ చాలు. తెలిసినవాళ్ల ఇంట్లో ఏళ్లుగా నడుస్తున్న, జబ్బుల్లేని తొట్టె ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. ఆరిపోకుండా తడిగా తెచ్చి కొత్త ఫిల్టర్ పక్కన పెడితే ఆరు వారాల పని బాగా తగ్గిపోతుంది. ఊరికే దొరికే ఈ స్పాంజి ముక్కకు షాపులో అమ్మే ఏ సీసా మందూ సాటిరాదు.

స్పాంజి మురికిపట్టిందని కుళాయి కింద పెట్టి కడిగేవాళ్లు ఎక్కువ. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేస్తుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే నాలుగుసార్లు పిండి మళ్లీ పెట్టేయాలి. 'ఆదివారం కదా' అని తొట్టె మొత్తం ఖాళీ చేసి, రాళ్లు సబ్బుతో తోమి, కొత్త నీళ్లు నింపడం ఇంకా పెద్ద తప్పు. చూడ్డానికి తళతళలాడుతుంది, చేప మాత్రం మళ్లీ మొదటి రోజుకు వచ్చేసినట్టే. మొదటి నెల రెండు మూడు రోజులకోసారి పావు వంతు నీళ్లు, తర్వాత వారానికోసారి పావు వంతు.. అంతకు మించి అక్కర్లేదు.

ఏ నీళ్లు పోయాలి?

మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు కలపాలి. లేదా వెడల్పు టబ్బులో పట్టి, గాలి రాయి పెట్టి ఒక రోజంతా ఉంచాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. వాటిని కూడా ఒక రాత్రి గాలి కొట్టాకే పోయాలి. తాగే నీళ్ల క్యాన్ శుభ్రమైనదని దాంతో తొట్టె నింపేవాళ్లున్నారు. అందులో చేపకు కావాల్సిన లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. బోరు నీళ్లు మరీ ఉప్పగా ఉన్న ఊళ్లలో క్యాన్ నీళ్లను సగానికి సగం కలపొచ్చు. అంతవరకే.

తొట్టె మూడడుగుల పొడవు, వంద లీటర్లు ఉంటే నాలుగైదు చిన్న జెల్లలకు సరిపోతుంది. ఒంటరి జెల్ల బెదురుగా ఉంటుంది, తన రకానివి తోడుంటే ధైర్యంగా తిరుగుతుంది. గుండ్రటి గాజు గిన్నె ఏ చేపకూ పనికిరాదు, దీనికి అసలే పనికిరాదు.

అడుగున వేసేది మెత్తటి ఇసుక అయ్యుండాలి. జెల్ల మీసాలు ఊరికే అందం కోసం కాదు. వాటి మీద రుచి తెలిసే కణాలుంటాయి. చీకట్లో ఆ మీసాలతోనే అడుగంతా తడుముతూ మేత వెతుక్కుంటుంది. అంచులు పదునుగా ఉండే రంగురాళ్లు వేస్తే మీసాలు గీసుకుపోయి, ఆ గాయాలకు మురికి తగిలి రోజురోజుకూ పొట్టిగా అవుతాయి. నది ఇసుకను జల్లించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి ఒక అంగుళం మందాన పరిస్తే చాలు. గుల్లలు కలిసిన సముద్రపు ఇసుక వద్దు. దాక్కోవడానికి పగిలిన కుండ పెంకులు, కొబ్బరి చిప్పలు, పీవీసీ పైపు ముక్కలు వేయొచ్చు. చేపల సంఖ్య కన్నా గూళ్లు ఒకటి ఎక్కువే ఉండాలి, లేదంటే రాత్రంతా కొట్లాటే. పైపు ముక్క అందంగా ఉండదని కొందరు వేయరు. జెల్లకు మాత్రం అదే బంగ్లా.

మేత వేసేది లైటు తీశాకే

కాలువలో పుట్టిన చేపకు షాపులో కొన్న గుళికలు తిండి అని తెలియదు. ముక్కు ముందు పడినా పట్టించుకోదు. గుళికలు వేసి, తినలేదని ఇంకొన్ని వేసి, అవి కుళ్లి అమ్మోనియా పెరిగి చేప చచ్చిపోవడం మామూలుగా జరిగే వరస.

మొదటి రెండు వారాలు దానికి తెలిసిన తిండే పెట్టాలి. పెరట్లో తవ్వితే దొరికే వానపామును కడిగి, సన్నగా తరిగి వేస్తే వద్దనే జెల్ల ఉండదు. మందులు కొట్టని మట్టిలోంచి తీసినవి అయ్యుండాలి. పచ్చి రొయ్యను పొట్టు తీసి బియ్యపు గింజంత ముక్కలుగా చేసి వేయొచ్చు. ఫ్రీజర్‌లో పెట్టి అమ్మే బ్లడ్‌వార్మ్స్ ఇంకా సులువు. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు చవకే కానీ అవి ఎక్కువగా మురుగు కాలువల్లోంచి వస్తాయి, జబ్బులు మోసుకొస్తాయి. దోమ పిల్లలు మంచి మేతే, అలాగని డ్రమ్ముల్లో నీళ్లు నిలవబెట్టి పెంచితే చేప సంగతి ఏమో గానీ ఇంటిల్లిపాదికీ డెంగీ రావచ్చు. అన్నం మెతుకులు, బ్రెడ్డు, బిస్కెట్లు, గుడ్డు సొన.. ఇవన్నీ నీళ్లు పాడుచేసేవే.

వేలెడంత పిల్లకు రోజుకు రెండుసార్లు, అదీ తక్కువ తక్కువ. గదిలో లైటు తీశాక ఒకసారి, తెల్లవారకముందు ఇంకోసారి. ఉదయం చూసినప్పుడు ఇసుక మీద ముక్కలు మిగిలి ఉంటే తీసేసి, ఆ రాత్రి సగమే వేయాలి. పొట్ట కాస్త గుండ్రంగా ఉంటే సరిపోయినట్టు. లోపలికి పీక్కుపోయి ఉంటే మేత అందడం లేదు, లేదా తోటి చేపలే తినేస్తున్నాయి. ఎంత తిన్నా పొట్ట వెన్నుకు అంటుకునే ఉంటే లోపల పురుగులున్నాయేమో అనుమానించాలి. మూడో వారం నుంచి రొయ్య ముక్కలతోపాటు మునిగే రకం గుళికలు రెండు మూడు కలిపి వేస్తూ పోతే మెల్లగా అలవాటవుతుంది. తేలే గుళికలు వద్దు, ఇది అడుగున తినే చేప.

జబ్బు కన్నా మందే ప్రమాదం

కాలువ చేప ఒంటరిగా రాదు. మొప్పల్లో, చర్మం మీద, పేగుల్లో ఏవో ఒక పరాన్నజీవుల్ని వెంటబెట్టుకుని వస్తుంది. అందుకే ఇప్పటికే చేపలున్న తొట్టెలో నేరుగా వేయకూడదు. కనీసం నాలుగు వారాలు విడిగా ఉంచాలి. పాత ప్లాస్టిక్ టబ్బు, స్పాంజి ఫిల్టర్, రెండు పైపు ముక్కలు, పైన మూత ఉంటే విడిగా ఉంచడానికి సరిపోతుంది. ఈ టబ్బుకు వాడిన మగ్గు, గుడ్డ పెద్ద తొట్టెలో పెట్టొద్దు.

పొలుసులు లేని చేప కావడంతో మందు చర్మం లోపలికి త్వరగా దిగుతుంది. గోల్డ్‌ఫిష్‌కు సరిపోయే మోతాదు జెల్లను చంపేయొచ్చు. మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్, కాపర్ ఉన్న మందులు, పొటాషియం పర్మాంగనేట్.. వీటిలో ఏది వాడాల్సి వచ్చినా సీసా మీద రాసినదాంట్లో సగంతోనే మొదలుపెట్టాలి. 'ముందు జాగ్రత్తగా నాలుగు చుక్కలు' అసలు వద్దు. నీలం రంగు నీళ్లు చూసి మనకు ధైర్యం వస్తుందేమో, చేపకు మాత్రం రాదు. పైగా కొన్ని మందులు ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపి, మళ్లీ అమ్మోనియా దగ్గరికే తీసుకొస్తాయి.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తే అది ఇక్ జబ్బు. నీళ్లు చల్లబడినప్పుడు ఎక్కువగా వస్తుంది. హైదరాబాద్, ఆదిలాబాద్ చలికాలంలో రాత్రిపూట తొట్టె నీళ్లు బాగా చల్లబడతాయి, అప్పుడు హీటర్ అవసరమే. హీటర్‌తో నీళ్లను రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 డిగ్రీల దాకా పెంచి, లీటరుకు ఒక గ్రాము లెక్కన ఉప్పును రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా కలిపి, గాలి బాగా కొడుతూ రెండు వారాలు ఉంచాలి. చుక్కలు రాలిపోయాయని మూడో రోజే ఆపేయొద్దు. రాలిన చుక్క అడుగున పగిలి వందల పిల్లలు బయటికొస్తాయి, అవి మళ్లీ చేపను పట్టుకుంటాయి. ఆ ఈదే దశలోనే ఈ వైద్యం పనిచేసేది.

చేప పేను కంటికి కనిపిస్తుంది. పచ్చగా, పల్చగా, నువ్వుగింజ కంటే కాస్త పెద్దగా ఉండి చర్మం మీద జారుతుంటుంది. తడిగుడ్డలో చేపను సున్నితంగా పట్టుకుని పట్టకారుతో తీసేయొచ్చు. చెరువుల్లో వాడే పురుగుమందును చుక్క తెచ్చి తొట్టెలో వేసే ప్రయోగాలు మాత్రం చేయొద్దు. ఎకరానికి కొలిచే మందును లీటర్లకు కొలవడం ఇంట్లో కుదరదు.

రాత్రి మాయమైన గప్పీలు

జెల్లను విడిగా ఉంచిన నెల పూర్తయింది, పెద్ద తొట్టెలో వేశారు. తెల్లారి లెక్క చూస్తే గప్పీలు రెండు తక్కువ. దొంగతనం ఏమీ లేదు. చీకట్లో నోటికి పట్టేదేదైనా జెల్లకు మేతే. నియాన్ టెట్రాలు, గప్పీలు, రొయ్య పిల్లలతో దీన్ని కలపకూడదు. తనంత సైజున్న, చురుగ్గా ఈదే బార్బ్ రకాలతో సర్దుకుపోతుంది. గోల్డ్‌ఫిష్ తోడు కూడా వద్దు. రాత్రి పూట దాని పొడవాటి రెక్కలు కొరుకుతుంది, గోల్డ్‌ఫిష్ మింగబోతే ముల్లు గొంతులో అడ్డం పడి రెండూ పోతాయి.

ఎండాకాలంలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గిపోతుంది. తొట్టెను కిటికీ ఎండకు దూరంగా జరిపి, నీటి మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు ముక్కలు గుమ్మరిస్తే ఆ కుదుపుకే చేప దెబ్బతింటుంది. కరెంటు పోయిన రాత్రుల కోసం బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ ఉంచుకోవాలి. అది లేకపోతే పది నిమిషాలకోసారి మగ్గుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తుండాలి. మేత మాత్రం ఆ రోజు బంద్.

వద్దనుకుంటే ఎక్కడ వదలాలి?

ఇల్లు మారతారు, పిల్లలు చదువులకు వెళ్లిపోతారు, జెల్ల అనుకున్నది పెద్ద రకంగా తేలుతుంది. అప్పుడు చాలామంది చేసే పని దగ్గర్లోని చెరువులోకి వదిలేయడం. పుణ్యం అనుకుంటారు. దానివల్ల ఏమవుతుందో చూడాలంటే సక్కర్ చేప చాలు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ క్యాట్‌ఫిష్‌ను తొట్టె గోడల పాచి తింటుందని అక్వేరియం షాపుల్లో అమ్మారు. పెద్దదయ్యాక వదిలించుకున్నారు. ఇప్పుడు అది కృష్ణా, గోదావరి జిల్లాల కాలువల్లో, చెరువుల్లో దెయ్యం చేపగా పేరు తెచ్చుకుంది. ఒంటి నిండా గట్టి పెంకులు, ముళ్లు. మత్స్యకారుల వలలు చింపుతుంది, మార్కెట్లో కొనేవాడుండడు. నీళ్లలోని డీఎన్‌ఏ ఆనవాళ్లను బట్టి ఇది ఎక్కడెక్కడికి పాకిందో కనిపెట్టే పద్ధతిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారు చేయాల్సి వచ్చిందంటే సమస్య ఎంత దూరం వెళ్లిందో అర్థం చేసుకోవచ్చు.

జెల్ల మన చేపే కదా, వదిలితే తప్పేంటి అనిపించొచ్చు. పట్టిన రెండు మూడు రోజుల్లోనే మనసు మారి, విడి టబ్బులో ఉన్నది ఉన్నట్టుగా, ఏ మందూ వేయకుండా, అదే కాలువలో అదే చోట వదిలితే ఇబ్బంది లేదు. కానీ షాపు చేపలతో ఒకే నీళ్లలో ఉన్న తర్వాత దాన్ని ఏ చెరువులోనూ వదలకూడదు. విదేశాల నుంచి వచ్చిన రంగు చేపల జబ్బులు దానితోపాటు వెళ్తాయి, అవి ఆ చెరువు మీద బతికే వాళ్ల చేపలకు అంటుకుంటాయి. పెద్ద తొట్టె ఉన్న ఇంకో పెంపకందారుకు ఇవ్వడం, లేదంటే అక్వేరియం షాపువాళ్లను అడగడం మేలు. చాలా షాపులు డబ్బులివ్వకపోయినా చేపను తీసుకుంటాయి. ఇచ్చేటప్పుడు మగ్గుతోనే తీయమని, రాత్రే మేత వేయమని వాళ్లకు చెప్పడం మరిచిపోవద్దు.